ఉదయం వెళ్ళిపోవాలి, మధ్యాహ్నం ఉండిపోవాలి

కాకినాడలో ఒక ల్యాబులో కూర్చుని రొయ్య పిల్లలకు రోగం ఉందో లేదో చూసి చెప్పడం హైమావతి ఉద్యోగం. మనుషుల విషయంలో మాత్రం ఆమెకు అంత పరీక్ష పెట్టే అలవాటు లేదు. రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచే హేచరీలో పని నేర్పడానికి ఈక్వెడార్ దేశం నుంచి ఎస్తెబాన్ అనే మనిషి వచ్చాడు. చూసింది, మాట్లాడింది, నచ్చాడు. అతనికీ ఆమె నచ్చింది. అతను నేర్పిన పని హేచరీ వాళ్ళకు ఎంతవరకు వచ్చిందో తెలియదు కానీ, హేచరీ వాళ్ళ తెలుగు మాత్రం అతనికి శుభ్రంగా వచ్చేసింది. వాళ్ళలాగే ప్రతి మాట చివరా "అండి" తగిలించేవాడు. ఒప్పుకోవలసి వచ్చినప్పుడు "ఆయ్" అనేవాడు. ఒప్పందం ముగిసి వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. ఏడాదిపాటు ఒకరినొకరు ఫోన్లోనే చూసుకున్నారు. ఇప్పుడు ముప్పై రోజుల అనుమతి మీద వచ్చి, జగన్నాథపురంలో హైమావతి పిన్ని మంగాయమ్మగారి మేడమీది గదిలో దిగాడు.

పెళ్ళి చేసుకుని ఇక్కడే కాపురం పెట్టాలని ఇద్దరూ అనుకున్నారు. ఇద్దరు అనుకున్నంత మాత్రాన అయిపోయే పనులకు ప్రభుత్వం అక్కర్లేదు కాబట్టి, ఇలాంటి వాటికోసం విదేశీ బంధుత్వాల శాఖ అని ఒకటి పెట్టారు. ఆ శాఖ నియమం ప్రకారం హైమావతి అతన్ని స్పాన్సర్ చేయాలంటే, ముందు అతను ఆరు నెలలు ఇక్కడ ఉండి ఉండాలి. ఆరు నెలలు ఉండాలంటే దీర్ఘకాల సందర్శన అనుమతి కావాలి. ముప్పై రోజుల్లో పన్నెండు అప్పుడే అయిపోయాయి. మిగిలిన పద్దెనిమిది రోజుల్లో ఆ అనుమతి రాకపోతే ఎస్తెబాన్ విమానం ఎక్కాలి. ఎక్కితే మళ్ళీ రెండేళ్ళ దాకా రాకూడదు. ఇంకో రెండేళ్ళు ఫోన్లో మొహం చూసుకుంటూ బతకాలనే సంగతి హైమావతి తలుచుకోవడానికే ఒప్పుకునేది కాదు.

శాఖ వారి జిల్లా కార్యాలయం ఒక పాత గోడౌను మేడమీద ఉంది. అధికారి ఒక్కరే. పేరు త్రినాథమూర్తిగారు. గదిలో ఎదురెదురుగా రెండు బల్లలు, రెంటికీ మధ్య ఒక ఫ్యాను ఉన్నాయి. ఫ్యాను గాలి రెండు బల్లలకూ సమానంగా అందేది కాదు.

"దరఖాస్తుదారు ఆరు మాసముల దీర్ఘకాల సందర్శన నిమిత్తము అనుమతి కోరియున్నారు," అని ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. "సందర్శన అనగా వచ్చుట, చూచుట, వెళ్ళుట. ఇందు వెళ్ళుట ప్రధానము. వీరు వెళ్ళెదరనుటకు ఆధారమేమి?"

"వెళ్ళరండి. ఆరు నెలలయ్యాక పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోతామండి," అంది హైమావతి నిజాయితీగా.

త్రినాథమూర్తిగారు కలం కింద పెట్టేశారు. "ఆ మాట నేను వినలేదు. వినియుంటిని అనుకొనుడు, ఈ దరఖాస్తు ఈపాటికి తిరస్కరింపబడి యుండెడిది. ఉండిపోవు ఉద్దేశము గలవారికి ఉండుటకు అనుమతి ఇచ్చుట ఈ విభాగపు విధానము కాదు. తిరుగుమనసు ధ్రువపత్రము దాఖలు చేయుడు. అనగా, వీరికి తమరిపై గల మమకారము ఈ దేశమున కట్టిపడవేయునంతటిది కాదని ఇరుగుపొరుగు వారిలో ఇద్దరు ప్రమాణము చేయవలెను. తమరు కూడా స్వహస్తముతో ఒకటి వ్రాయవలెను. దానికి ప్రాయోజకత్వపు ముందస్తు నమోదు రసీదు జతపరచవలెను."

"ప్రాయోజకత్వం అంటే స్పాన్సర్‌షిప్పేనా అండి? అంటే ఉండిపోతాడనేగా అండి?"

"అది ఆ విభాగమును అడుగవలెను."

"ఆ విభాగం ఎక్కడండి?"

ఆయన వేలెత్తి ఎదురు బల్ల చూపించారు. "మధ్యాహ్నము రెండు గంటలకు తెరచెదరు."

ఇద్దరూ మెట్లమీద కూర్చున్నారు. త్రినాథమూర్తిగారు క్యారేజీ విప్పుకుని భోంచేసి, క్యారేజీ కడుక్కుని, సరిగ్గా రెండు గంటలకు బల్లమీది పేరు పలక చేత్తో పట్టుకుని లేచారు. దాన్ని వెనక్కి తిప్పి ఎదురు బల్లమీద పెట్టి, ఆ కుర్చీలో కూర్చున్నారు. పలకకు ఒకవైపు సందర్శన విభాగం అనీ, రెండోవైపు ప్రాయోజకత్వ విభాగం అనీ రాసి ఉంది.

"రండి, కూర్చోండి. తమరెవరు?" అన్నారు.

"పొద్దున్న వచ్చాం కదండి!"

"పొద్దున్న ఈ విభాగము ఉండదు," అన్నారాయన. హైమావతి సంగతంతా మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఆయన కొత్తగా విన్నట్టే శ్రద్ధగా విన్నారు. "బాగున్నది. వీరు తమరిని విడచి ఒక్క పూటయైనా ఉండజాలరని ఇరుగుపొరుగు వారిలో ఇద్దరిచేత ప్రమాణము చేయించుడు. అది లేనిదే రసీదు ఇవ్వబడదు."

"మరి పొద్దున్న మీరేమో..."

"ఆ విభాగము వారి అభిప్రాయములతో మాకు నిమిత్తము లేదు. వారితో మాకు ఉత్తరప్రత్యుత్తరములు కూడా సవ్యముగా లేవు. మేము వ్రాసిన మూడు లేఖలకు వారు నేటివరకు జవాబు ఇయ్యలేదు," అని ఆయన ఖాళీ బల్లకేసి చిరాగ్గా చూశారు.

మెట్లు దిగుతూ ఎస్తెబాన్ చాలాసేపు ఆలోచించాడు. "ఆళ్ళిద్దరూ అన్నదమ్ములాండి?" అని అడిగాడు.

మంగాయమ్మగారికి సంగతి చెప్పేసరికి ఆవిడ చీర కొంగు దోపుకుని రంగంలోకి దిగిపోయింది. ముప్పై ఏళ్ళు బళ్ళో హాజరు పట్టీలు రాసిన చెయ్యి అది. ఆవిడది కింది వాటా కాబట్టి ఆవిడ ఒక సాక్షి అయింది. ఎదురింటి రిటైర్డ్ లైన్‌మన్ వీర్రాజుగారు రెండో సాక్షి. ఆయన ఏ కాగితమూ చదివి సంతకం పెట్టడు. చదివితే పెట్టబుద్ధి కాదని ఆయన అనుభవం.

"పొద్దుటి కాగితంలో ఏం రాద్దామే హైమా? 'ఈ అబ్బాయికి మన ఉక్కపోత పడదు. మన కారం పడదు. వంకాయ కూర చూస్తేనే మొహం తిప్పుకుంటాడు. ఎప్పుడు పోదామా అని సూట్‌కేసు కేసి చూస్తూ ఉంటాడు.' సరిపోద్దా?"

"మరి మధ్యాహ్నం కాగితంలో పిన్నీ?"

"అదెంతసేపు! 'వంకాయ కూర లేందే ముద్ద దిగదు. మా హైమ గంటసేపు కనపడకపోతే గుమ్మంలోనే నిలబడతాడు.'"

ఎస్తెబాన్ గడప మీద కూర్చుని వింటున్నాడు. "ఇంతకీ నేను వంకాయ తింటానాండి, తిననాండి?"

"పొద్దున్న తినరు అల్లుడుగారూ. మధ్యాహ్నం తింటారు."

"ఆయ్," అన్నాడు.

అంతా నవ్వులాటగానే ఉంది, హైమావతి తన వంతు కాగితం రాయడానికి కూర్చునేదాకా. 'ఇతను ఉన్నా వెళ్ళినా నాకు పెద్దగా పట్టింపు లేదు' అని సొంత దస్తూరీతో రాయాలి. 'ఇతను' వరకు రాసి కలం ఆపేసింది. ఏడాదిపాటు ఫోను చెవి దగ్గర పెట్టుకుని పడుకున్న మనిషి ఆమె. ఉత్త కాగితమే కదా అని ఎంత సర్దిచెప్పుకున్నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎస్తెబాన్‌కి తెలుగు చదవడం రాదు. అదేంటండి అని అడిగాడు.

"అబద్ధం," అంది ఆమె.

"అయితే నా పేరు మీద కూడా ఒకటి రాసేయండి. నేను సంతకం పెడతానండి. మీ అబద్ధం ఒక్కత్తీ ఎందుకండి ఆ ఫైల్లో?" అన్నాడు. అప్పుడు రాసింది.

కాగితాలన్నీ ఇచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. ఉదయం విభాగం వారికి ఉదయం ప్రమాణాలు చూసి పూర్తి నమ్మకం కలిగింది. మధ్యాహ్నం విభాగం వారికి మధ్యాహ్నం ప్రమాణాలు చూసి అంతకన్నా నమ్మకం కలిగింది. కానీ రెండు ఫైళ్ళలోనూ సాక్షులు వాళ్ళే కావడంతో రెండు విభాగాల వారికీ అవతలి విభాగం మీద అనుమానం వచ్చింది. స్వయంగా ఇంటికి వచ్చి చూస్తామని ఎవరికి వారు నోటీసు పంపారు. జీపు ఒక్కటే కాబట్టి రెండు తనిఖీలూ ఒకే రోజు పెట్టుకున్నారు. ఒంటిగంట నుంచి రెండు వరకు సందర్శన విభాగం, రెండు నుంచి మూడు వరకు ప్రాయోజకత్వ విభాగం. అప్పటికి ఎస్తెబాన్‌కి నాలుగు రోజులే మిగిలాయి.

"ఒంటిగంటకొస్తే భోజనం పెట్టకుండా ఎలా పంపిస్తామే? మన ఇంటికొచ్చి ఆకలితో పోతే ఎంత అప్రతిష్ఠ!" అంది మంగాయమ్మగారు. తనిఖీ కాస్తా విందు భోజనంగా మారిపోయింది.

త్రినాథమూర్తిగారు జీపు దిగి వచ్చి, అరిటాకు ముందు కూర్చుని, పేరు పలకను నీళ్ళ గ్లాసు పక్కన నిలబెట్టారు. సందర్శన వైపు బయటికి ఉంది. ఎదురుగా ఎస్తెబాన్ కూర్చున్నాడు. గుమ్మం దగ్గర సూట్‌కేసు పెట్టి ఉంది. హైమావతి మొహం ముటముటలాడించుకుని పప్పు వడ్డించింది. అతను ఆమెకేసి చూడకుండా చేతి గడియారం చూసుకున్నాడు. మంగాయమ్మగారు వంకాయ కూర తీసుకురాగానే అతను ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేశాడు. నిజానికి గుత్తి వంకాయ అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ మసాలా వాసనకి పాపం మింగిన గుటక ఆ గదిలో అందరికీ వినపడింది.

"వంకాయను నిరాకరించుట గమనించడమైనది," అని త్రినాథమూర్తిగారు ఎడం చేత్తో రాసుకున్నారు. కుడి చేత్తో రెండోసారి కూర వేయించుకున్నారు.

మంగాయమ్మగారి లెక్క ప్రకారం పప్పూ, కూరా, పులుసూ, చారూ అయ్యేసరికి రెండు కావాలి, పెరుగన్నం నుంచి ప్రేమ మొదలవ్వాలి. కానీ ఆయన తిండిపుష్టి గల మనిషే అయినా తిండిలో వేగం గలవారు. ఒంటిగంటా నలభైకే చారు తాగేశారు. ఇప్పుడే పెరుగు పోస్తే రెండు కాకుండానే భోజనం అయిపోతుంది. "చారు ఇంకొంచెం," అంటూ ఆవిడ మూడుసార్లు పోసింది. "అప్పడం," అంది. "ఇంకో అప్పడం," అంది. ఆయన నాలుగో అప్పడం నములుతుండగా గోడ గడియారం రెండు కొట్టింది. ఆయన చెయ్యి చాపి పలక తిప్పారు.

"వంకాయ కూర!" అని కేకేసింది మంగాయమ్మగారు.

హైమావతి పరుగున వచ్చింది. అప్పటికే వడ్డనకు సాయం వచ్చిన వీర్రాజుగారు తొందరపడి త్రినాథమూర్తిగారి ఆకులోనూ, ఎస్తెబాన్ ఆకులోనూ పెరుగన్నం వేసేశాడు. అయినా ఆమె ఆ పెరుగన్నం మీదే నాలుగు గుత్తి వంకాయలు వేసింది. ఎస్తెబాన్ మారు మాట్లాడకుండా రెండూ కలిపేసి, ఆమె కళ్ళలోకే చూస్తూ, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. వీర్రాజుగారు కాలితో సూట్‌కేసును మంచం కిందికి తోశాడు. ఖాళీది కాబట్టి జర్రుమంటూ అవతలి గోడదాకా వెళ్ళింది.

త్రినాథమూర్తిగారి చెయ్యి పెరుగన్నంలోనే ఆగిపోయింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన చాలా చూశారు కానీ అలాంటిది చూడలేదు. కాసేపటికి తేరుకుని రాసుకున్నారు: "దధ్యన్నమున వంకాయ కూర కలుపుకొని భుజించుట స్వయముగా చూడడమైనది. ఇది గాఢమైన మమకారము కానిచో మరి యేమి?"

గడువు రేపటితో తీరుతుందనగా ఉత్తర్వు వచ్చింది. ఒక్క ఉత్తర్వులో రెండు విభాగాలూ సంతకం చేయడం ఆ శాఖలో అదే మొదటిసారి. త్రినాథమూర్తిగారు రెండు బల్లలకూ మధ్య, ఫ్యాను కింద నిలబడి చదివి వినిపించారు.

"విచారణలో తేలినదేమనగా, దరఖాస్తుదారు ఉదయము నిశ్చయముగా వెళ్ళిపోవు మనిషి. మధ్యాహ్నము నిశ్చయముగా ఉండిపోవు మనిషి. రెండు నివేదికలు నిర్దుష్టములు. కావున రెంటినీ గౌరవించి, ఆరు మాసముల అనుమతి మంజూరు చేయడమైనది. అయితే పనిదినములలో ఉదయము పదిన్నర నుండి ఒకటిన్నర వరకు వీరు వెళ్ళిపోయి యుండవలెను. రెండు నుండి అయిదు వరకు ఉండిపోవలెను."

"మరి రాత్రిళ్ళండి?" అంది హైమావతి.

"కార్యాలయపు వేళలు కానప్పుడు శాఖకు అభిప్రాయము ఉండదు."

"రోజూ పొద్దున్న ఈక్వెడార్ ఎల్లి మధ్యాన్నం రావాలంటే కుదరదండి. ఇమానం రెండ్రోజులు పడద్దండి," అన్నాడు ఎస్తెబాన్.

త్రినాథమూర్తిగారు గోడకున్న జిల్లా పటం దగ్గరికి వెళ్ళారు. ఆయనకు తనిఖీనాడు తిన్న వంకాయల మీద ఇంకా కృతజ్ఞత ఉన్నట్టుంది. "దేశము దాటవలెనని ఉత్తర్వులో లేదు. ఈ కార్యాలయపు పరిధి దాటిన చాలును. పరిధికి అవతల ఏమున్నదో తెలిసికొను అధికారము మాకు లేదు. కనుక అవతల ఉన్నదంతయు మా దృష్టిలో విదేశమే," అని వేలు పెట్టి చూపించారు. పటంలో చుట్టూ జిల్లా రంగు, మధ్యలో గోదావరి పక్కన చిన్న తెల్ల మచ్చ. అది యానాం. పుదుచ్చేరి వారిది. బస్సులో గంట దూరం.

మర్నాటినుంచి పనిదినాల్లో తొమ్మిది గంటల యానాం బస్సులో ఎస్తెబాన్ వెళ్ళిపోవడం, ఒకటిన్నరకు అక్కడ తిరుగు బస్సెక్కి వచ్చెయ్యడం మొదలైంది. మొదటిరోజు అతను కిటికీలోంచి చెయ్యి ఊపితే హైమావతి బస్టాండులో నిలబడి చెయ్యి ఊపింది. బస్సు కదిలింది. అయిదారు గంటల్లో వచ్చేవాడికోసం ఏడుపేమిటని తనను తనే తిట్టుకుంది కానీ ఏడుపు ఆగలేదు. రెండోరోజు ల్యాబులో మధ్యాహ్నం డ్యూటీకి మార్పించుకుని తనూ బస్సెక్కింది.

యానాంలో వాళ్ళు గోదావరి గట్టున కూర్చునేవాళ్ళు. మంగాయమ్మగారు కట్టిచ్చిన డబ్బాలో ఇడ్లీలో, వంకాయ కూరా అన్నమో ఉండేది. అక్కడ వంకాయ తింటున్నాడా లేదా అని చూసేవారు ఎవరూ లేరు. అతను వాళ్ళ భాష నేర్పేవాడు, ఆమె తెలుగు అక్షరాలు నేర్పేది. నాలుగు నెలలకు అతనికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. శాఖ దృష్టిలో వాళ్ళిద్దరూ ఒకరికొకరు అక్కర్లేని వేళలన్నీ అలా పక్కపక్కనే గడిచిపోయాయి. కండక్టరు సూరిబాబు వాళ్ళకోసం ముందు సీటు ఆపి ఉంచేవాడు. టిక్కెట్లన్నీ హైమావతి ఒక నోట్‌బుక్కులో అతికించింది.

ఆరు నెలలూ పూర్తయిన మర్నాడు ఆ నోట్‌బుక్కు పట్టుకుని ఇద్దరూ కార్యాలయానికి వెళ్ళారు. త్రినాథమూర్తిగారు వేలు తడిచేసుకుంటూ ఒక్కొక్క పేజీ తిప్పారు. నూట ముప్పై ఆరు పనిదినాలు. నూట ముప్పై ఆరుసార్లు వెళ్ళిపోయాడు. నూట ముప్పై ఆరుసార్లు తిరిగి వచ్చాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"రెండు విభాగముల ఫైళ్ళు ఒక్కటే మాట చెప్పుట నా సర్వీసులో ఇదే ప్రథమము," అని, పలక అటూ ఇటూ తిప్పుతూ రెండు సంతకాలూ పెట్టి, రెండు ముద్రలూ వేశారు. "అభినందనలు. ఎస్తెబాన్‌గారూ, నేటినుండి తమరు ఈ జిల్లా స్థానికులు. తమరిని పంపివేయుటకు ఎవరికినీ అధికారము లేదు."

హైమావతికి ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైపోయింది. ఆరు నెలలుగా గుండెలమీద ఉన్నది దిగిపోయింది. ఎస్తెబాన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు త్రినాథమూర్తిగారు నోట్‌బుక్కు మళ్ళీ తెరిచారు.

"మొదటి పుట మినహా ప్రతి పుటయందును రానుపోను టిక్కెట్లు ఇద్దరివి ఉన్నవి. రెండవ వ్యక్తి టిక్కెట్లు ఎవరివి?"

"నావేనండి."

ఆయన మొహం మారిపోయింది. "తమరు కూడా పరిధి దాటితిరా? నూట ముప్పై అయిదు పర్యాయములు? అనుమతి లేకుండగా? వీరికన్న ఉత్తర్వు ఉన్నది. తమరి రాకపోకలకు ఆధారమే లేదు. ఇన్ని పర్యాయములు విదేశమునకు వెళ్ళివచ్చిన వ్యక్తి స్థానికురాలు కానేరదు."

"నేను స్థానికురాలిని కాకపోతే ఈయన్ని ఎలా స్పాన్సర్ చేశానండి? ఆ సంతకం చెల్లుతుందా మరి?"

"అది సంతకమునకు ముందు రావలసిన అనుమానము. సంతకమైన పిమ్మట అనుమానమునకు ఈ శాఖలో చోటు లేదు. వీరు స్థానికులే. తమరే విదేశీయులు. తమరు ఇచట ఉండగోరినచో స్థానికులైన వారెవరైనా ప్రాయోజకత్వము వహించవలెను. అంతకు ముందు తమరు ఆరు మాసముల దీర్ఘకాల సందర్శనకు దరఖాస్తు పెట్టుకొనవలెను. అది తేలువరకు పాత ఉత్తర్వే తమరికిని వర్తించును."

ఎస్తెబాన్ ముందుకు వచ్చి, బల్లమీది దరఖాస్తు ఫారం ఒకటి తీసుకుని, కూడబలుక్కుంటూ పైనుంచి కిందిదాకా చదివాడు. జేబులోంచి కలం తీశాడు.

"స్థానికుణ్ణి నేనున్నానుకదండి, నేను రాస్తానండి. మా హైమ ఎల్లిపోద్దని రాయాలాండి, ఉండిపోద్దని రాయాలాండి?"

త్రినాథమూర్తిగారు గోడ గడియారం చూశారు. రెండుకు ఇంకా అయిదు నిమిషాలుంది. పలక ఆయన చేతిలోనే ఉంది. దాన్ని ఏ వైపు నిలబెట్టాలో తోచక ఆయన కొంచెంసేపు అలాగే పట్టుకుని, "అయిదు నిమిషములు ఆగి చెప్పెదను," అన్నారు.

హైమావతికి నవ్వొచ్చింది. ఆ కార్యాలయంలో ఆమె నవ్వడం అదే మొదలు. ఆరు నెలలూ ఇతన్ని పంపించేస్తారేమో అని హడలి చచ్చింది. ఇప్పుడు ఇతన్ని ఎవరూ పంపలేరు. ఇక తనను ఎవరు ఎక్కడికి పంపితే మాత్రం ఏం, వెంట ఇతనుంటాడు కదా? నవ్వు ఆపుకోలేక బల్లకు ఆనుకుని కూర్చుండిపోయింది. త్రినాథమూర్తిగారు దాన్ని రాసుకోవాలా వద్దా అని సందేహించి, వేళ కాదు కనుక మానేశారు.

మర్నాడు తొమ్మిది గంటల బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఇద్దరూ ముందు సీట్లో కూర్చున్నారు. సూరిబాబు ఆశ్చర్యపోయాడు.

"మీ పనైపోయిందన్నారు కదండి, మళ్ళీ ఎక్కారేటండి?"

"ఆయ్, నా పనైపోయిందండి," అన్నాడు ఎస్తెబాన్. "ఇప్పుడు ఈవిడ ఫారినరండి. నేను లోకలండి. దిగబెట్టి మళ్ళీ తీసుకొచ్చుకుంటానండి."

సూరిబాబు ఇంకేమీ అడగకుండా రెండు టిక్కెట్లు కొట్టి ఇచ్చాడు.